ముందు అక్కకి పంపు

ఆశాజ్యోతికి కోపం వస్తే మాట తగ్గుతుంది. గొంతు పెరగదు. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వింటుంది. ఆపైన ఒక్క ప్రశ్న అడుగుతుంది. సాధారణంగా దానికి జవాబు ఉండదు.

పామర్‌స్టన్ నార్త్‌లో టోటారా యూనివర్సిటీ లైబ్రరీ. కింది అంతస్తులో, మెట్ల పక్కన, ఐటీ సర్వీస్ కౌంటరు. పాస్‌వర్డు మరిచినవాళ్లు, వైఫై దొరకనివాళ్లు, ప్రింటరుతో పోట్లాడి ఓడినవాళ్లు అక్కడికి వస్తారు. కౌంటరు వెనక ఆమె కూర్చుంటుంది. చొక్కా మీద పేరు పూర్తిగా ఉంటుంది. ఆశాజ్యోతి.

ఆ పేరు అలా పూర్తిగా ఉండటానికి ఒక కథ ఉంది. న్యూజీలండ్ వచ్చిన కొత్తలో ఆక్లండ్ శివార్లలోని పాపకూరలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లు. ఆమెకు ఒక కాల్ సెంటర్‌లో పని దొరికింది. మేనేజరు మంచివాడు. పేరు పొడుగ్గా ఉంది, ఆష్ అని రాసుకుందామా అన్నాడు. ఇంగ్లీషులో ఆ మాటకు బూడిద అని అర్థం. "పొద్దున్నుంచి నేను ఎందరి పేర్లు పలికాను? అందరూ కలిసి నా ఒక్క పేరు పలకలేరా?" అని అడిగింది. అతను పేరు బోర్డు మార్పించాడు.

అంతకు ముందు నంద్యాలలో కంప్యూటరు కోర్సు. మగపిల్లలు మెషీన్ల ముందు కూర్చునేవారు, ఆడపిల్లలు వాళ్ల వెనక నిలబడి చూసేవారు. "సార్, మా ఫీజు చూసేదానికా, చేసేదానికా?" అని అడిగింది. మర్నాడు ఆడపిల్లలకు ఒక మెషీను వచ్చింది. అది మాటిమాటికీ ఆగిపోయేది. దాన్ని బాగుచేస్తూనే ఆమె పని నేర్చుకుంది.

భర్త విజయకుమార్ ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో పనిచేస్తాడు. ఆ ఉద్యోగం కోసమే ఈ ఊరికి వచ్చారు. ఊరు చదును. ఎటు చూసినా ఆకాశం. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. గాలి ఆగని ఊరు.

ఆమె కౌంటరులో చేరిన కొత్తలో గుంటూరు కుర్రాడొకడు కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఫీజు తప్పు ఖాతాకు వెళ్లిందనీ, మళ్లీ కట్టమనీ యూనివర్సిటీ పేరుతో మెయిలు వచ్చింది. కట్టాడు. మెయిలు దొంగది. అప్పటికే ఇంటికి టికెట్టు కొనుక్కున్నాడు. అకౌంటు మూసేయమని అడగడానికి వచ్చాడు.

"కట్టేముందు ఎవరినైనా అడిగినావా?" అంది ఆమె.

"ఎవర్ని అడగాలక్కా?" అన్నాడు.

ఈసారి జవాబు లేనిది ఆమెకు.

ఆ ఏడు ఉగాదికి కమ్యూనిటీ హాల్లో పచ్చడి పంచాక ఆమె మైకు తీసుకుంది. ఆమె మైకు తీసుకోవడం అదే మొదలు. "ఏ మెయిలొచ్చినా, ఏ లింకొచ్చినా, అనుమానముంటే ముట్టుకోవద్దండి. నాకు పంపండి. నేను చూసి చెప్తా" అని దిగిపోయింది. తర్వాత పిల్లలు డ్యాన్సు చేశారు.

ఆ మాట నిలిచింది. ఏటా కొత్తగా దిగిన వాళ్లకు పాతవాళ్లు చెప్పే మాటల్లో అదొకటయింది. సోనా మసూరి ఎక్కడ దొరుకుతుంది, చలికాలం హీటరు ఏ గదిలో పెట్టుకోవాలి, ఏదైనా వస్తే ముందు అక్కకి పంపు.

యూనివర్సిటీ మెయిల్లో దీనికోసం ఒక బటను ఉంది. అనుమానం వస్తే రిపోర్ట్ చేయండి అని రాసి ఉంటుంది. మన పిల్లలు దాన్ని నొక్కరు. రిపోర్టు అంటే వాళ్లకు పోలీసు. ఎవరి మీదో ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో తమ పేరూ ఉంటుంది. వీసా మీద ఉన్నవాడు తన పేరు ఎక్కడా పడకుండా చూసుకుంటాడు. అక్క అయితే రిపోర్టు కాదు. అక్కను అడగడం.

కౌంటరు వెనక గదిలో ఒక పాత లాప్‌టాప్ ఉంది. యూనివర్సిటీ నెట్‌వర్కుతో దానికి సంబంధం లేదు. వేరే మొబైల్ కనెక్షన్ మీద నడుస్తుంది. అనుమానం ఉన్నవి అందులో తెరిచి చూడటం కౌంటరు పనుల్లో ఒకటి. పిల్లలు పంపినవన్నీ ఆమె అందులోనే చూసేది. చూసి, నిజమో అబద్ధమో ఒక్క మాట రాసేది.

*

ఏప్రిల్‌లో ఒక మంగళవారం శరణ్య నుంచి మెయిలు వచ్చింది.

శరణ్యది తెనాలి. ఆహార శాస్త్రంలో మాస్టర్స్ చదువుతోంది. సాయంత్రాలూ శనాదివారాలూ ఒక డెయిరీలో పని. డెయిరీ అంటే ఇక్కడ వీధి చివరి చిల్లర దుకాణం. పాలు, బ్రెడ్డు, సిగరెట్లు, వేడి పెట్టెలో పైలు, అంటే మాంసం కూరి కాల్చిన కజ్జికాయల్లాంటివి. శరణ్య మాంసం తినదు. ఆ వాసన జుట్టులో ఉండిపోతుందని ఏడ్చేది. ప్రొఫెసర్ ఫియోనా లాబ్‌లో సహాయకురాలి ఉద్యోగానికి ఇంటర్వ్యూ అయింది. ఫలితం రావాలి. "అది వస్తే చాలక్కా, తలంటు పోసుకుని మళ్లీ ఆ షాపు మొహం చూడను" అంది ఒకసారి.

ఆమె పంపిన మెయిలు ఇలా ఉంది. మీ వీసాలో పని గంటల అనుమతికి సంబంధించి తేడా కనిపించింది. ఈ సాయంత్రంలోగా వివరాలు సరిచూసుకోకపోతే అనుమతి నిలిపివేయబడుతుంది. కింద లింకు. పైన శరణ్య మాట: "అక్కా, ఇది నిజమేనా?"

ఆమె వెనకే మహేంద్ర. అతని వెనక మరొకరు. మధ్యాహ్నానికి ఆ మెయిలు తెలుగు పిల్లలందరి దగ్గర్నుంచీ వచ్చింది. అందరిదీ ఒకటే ప్రశ్న.

ఆశాజ్యోతి లాప్‌టాప్ ముందు కూర్చుంది. లింకులన్నీ ఒకలాగే ఉన్నాయి. చివరి అక్షరాలు మాత్రం ఒక్కొక్కరికీ వేరు. దొంగలు అలా చేస్తారు. ఒకటి ఒక చోటికి, ఇంకొకటి మరో చోటికి తీసుకుపోవచ్చు. అందుకని ఒక్కటీ వదలకుండా తెరిచింది. ప్రతిసారీ యూనివర్సిటీ గుర్తు, పేరు, పాస్‌వర్డు అడిగే పేజీ. మూసేసింది. "దొంగది. తీసేయండి. ఎవురూ భయపడొద్దండి" అని అందరికీ రాసింది. సెక్యూరిటీ టీముకూ ఒక ముక్క పంపింది. థాంక్యూ, చూస్తున్నాం అని మెషీను జవాబిచ్చింది.

పెరుగన్నం తింది. ఆ రోజు ఆమెకు కోపం లేదు. ఒక్క పిల్లా మోసపోలేదు.

*

తర్వాతి సోమవారం టీమ్ మీటింగు. వాళ్ల మేనేజరు పేరు క్రెయిగ్. పెరట్లో కాసిన ఫీజోవా పళ్లు సంచితో తెచ్చాడు. ఈ కాలంలో ఊరంతా ఒకరికొకరు అవే ఇచ్చుకుంటారు. అందరూ సగానికి కోసుకుని చెంచాతో తింటున్నారు. తెర మీద ఒక బొమ్మ వచ్చింది. నిలువు గీతలు. స్టాఫ్ ఒక గీత, ఇక్కడి విద్యార్థులు ఒకటి, బయటి దేశాల వాళ్లు దేశానికొకటి. ఇండియా అన్న గీత మిగతా అన్నిటికన్నా ఎత్తుగా ఉంది.

"పోయిన మంగళవారం ఒక పరీక్ష పెట్టాం. దొంగ మెయిలు మేమే పంపాం. ఎవరు నొక్కుతారో చూశాం" అన్నాడు క్రెయిగ్. "మన భారతీయ మిత్రులకు ఇంకొంచెం సాయం కావాలి." ఆశాజ్యోతి వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది.

"మాకూ చెప్పలేదు" అంది ఆమె.

"చెప్తే పరీక్ష ఎలా అవుతుంది?" అని నవ్వాడు. నొక్కినవాళ్ల అకౌంట్లు శుక్రవారం పొద్దున నుంచి ఆపేశాం, మనిషి ఎదుట కూర్చుని శిక్షణ తీసుకున్నాక తెరుస్తాం, శిక్షణ ఇచ్చేవాళ్లు సెలవులో ఉన్నారు, వచ్చే వారం మొదలుపెడతాం అన్నాడు. "నో వర్రీస్" అన్నాడు చివర్లో. అతను ప్రతి మాట చివరా అదే అంటాడు.

ఆమె చేతిలో ఫీజోవా సగం అలాగే ఉంది. తన పిల్లలెవరూ నొక్కలేదు. మరి ఆ గీత ఎవరిది? ఎక్కడో పొరపాటు ఉంది. కనుక్కుందాం అనుకుంది.

మధ్యాహ్నం శరణ్య వచ్చింది. ఒంటి మీద ఇంకా డెయిరీ ఏప్రాన్ ఉంది.

"అక్కా, నా మెయిలు తెరుచుకోవట్లేదు. ఫోన్ పాడైందనుకున్నా. ఇప్పుడు లైబ్రరీ కంప్యూటర్లో చూస్తే ట్రైనింగుకి రమ్మంటోంది. నేను ఏదో నొక్కానంట. నేను నొక్కలేదక్కా. ఒట్టు. మీకే పంపాను కదా!"

"తెలుసు. నీది తప్పు కాదు."

"లాబ్ సంగతి ఈ వారంలో చెప్తానన్నారు ప్రొఫెసర్. అందులో వచ్చి ఉంటదేమో. పోయి ఆమెనే అడిగేయనా?"

ఆశాజ్యోతి ఒక్క క్షణం ఆలోచించింది. "ఎందుకులే, తొందర పెట్టినట్లుంటాది. రేపటికి తెరిపిస్తా. మెయిల్లోనే చూసుకుందువు."

"సరే అక్కా. మీరు చెప్తే అంతే" అని శరణ్య షాపుకు పరుగెత్తింది.

*

సెక్యూరిటీ టీములో రామమోహన్ అని ఒకడున్నాడు. కాకినాడవాడు. ఆక్లండ్‌లో చదువుకుని, అక్కడే బోటనీ డౌన్స్‌లో ఇల్లు కొనుక్కుని, ఇంటి నుంచే పనిచేస్తాడు. ఈ ఊరు వచ్చినప్పుడల్లా ఆశాజ్యోతి ఇంట్లో భోజనం. ఆమె ఫోన్ చేసింది.

"చెప్పండక్కా. గోంగూర పంపిస్తారా ఏంటి?"

"ఆ వీసా మెయిలు ఎవురు రాసినారు?"

"ఓ, అదా! నేనేనక్కా." గొంతులో మెరుపు. "క్రెయిగ్ పార్సిల్ వచ్చిందని రాస్తే చాలన్నాడు. పార్సిలుకి మనోళ్లు పడతారా? వీసా అన్నామంటే మాత్రం చెయ్యి వణుకుద్ది. నాకు తెలీదా, నేనూ అలా వచ్చినోణ్ణే కదా."

"నీకు యాడ వణికిందో గుర్తుపెట్టుకోని, వాళ్లను ఆడనే గిల్లినావా?"



"అలా అంటే ఎలాగక్కా? రేపు నిజం దొంగ జాలి చూపిస్తాడా? వాడూ అక్కడే గిల్లుతాడు. మనం ముందే గిల్లి చూపిస్తే నేర్చుకుంటారు."

"నేర్చుకున్నారప్పా. ముట్టుకోకుండా నాకు పంపినారు. అందరూ. మరి నొక్కినోళ్లు ఎవురు?"

"మీకు పంపారా?" కీబోర్డు చప్పుడు వినిపించింది. "ఆగండి… ప్రతి లింకుకీ చివర ఆ మనిషి గుర్తు ఉంటుందక్కా. దాన్ని ఎవరు తెరిచినా ఆ మనిషే నొక్కినట్టు పడుతుంది. మీరు గానీ తెరిచారా?"

ఆమెకు వెనక గదిలోని లాప్‌టాప్ కళ్ల ముందు కనిపించింది. ఒక్కొక్కటిగా తెరిచిన తన వేలు కనిపించింది.

"తెరిచినా" అంది. "అన్నీ."

"అయ్యబాబోయ్."

"అన్నీ ఒకే కనెక్షన్ నుంచి తెరుచుకుంటే నీకు అనుమానం రాలేదా?"

"వచ్చిందక్కా. ఒకే చోట నుంచి వస్తున్నాయేంటా అని చూశాను." ఆగాడు. "అందరూ ఒకే ఫ్లాట్‌లో ఉంటారేమో అనుకున్నా. మనోళ్లు అలాగే కదా, ఒక ఫ్లాట్ తీసుకుని అందరూ సర్దుకుంటారు."

ఆశాజ్యోతి కిటికీలోంచి చూసింది. చెట్టు ఒకటి గాలికి వంగుతోంది, లేస్తోంది.

"ఆ ఫ్లాట్ నేనే, రామమోహన్."

"అక్కా, కోప్పడకండి. ఒక మాట చెప్తాను వినండి. ఇది బయటపెట్టకండి. రిపోర్ట్ బటన్ ఉండగా పిల్లల మెయిళ్లు మీ సొంత మెయిలుకి రావడం రూల్ కాదు. మీరు ఏళ్లుగా చేస్తున్నారని తెలిస్తే ఊరుకోరు. పైగా కౌంటర్లు తగ్గించేస్తారని మాట నడుస్తోంది. పిల్లలు ఒక గంట ట్రైనింగులో కూర్చుంటే పోద్ది. వాళ్లకేం నష్టం చెప్పండి?"

"శరణ్య మెయిలు ఎప్పుడు తెరుస్తావు?"

"క్రెయిగ్ చెప్పాలక్కా. నా చేతిలో లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. క్రెయిగ్ గదికి వెళ్తే తాళం. మధ్యాహ్నం నుంచి వేరే క్యాంపస్‌లో ఉంటాడని బయట చీటీ. ఫోన్ చేసింది, తీయలేదు.

ఇంటికి వెళ్లాక భర్తకు చెప్పింది. విజయకుమార్ క్రెయిగ్ ఇచ్చిన పళ్లు కోస్తున్నాడు.

"చెప్తే ఏమైతాది?"

"వార్నింగ్ ఇస్తారు."

"చెప్పకుంటే?"

"ఫీజోవాలు ఇస్తారు."

అతను కత్తి పక్కన పెట్టాడు. పళ్లు తినలేదు.

*

మంగళవారం పొద్దున క్రెయిగ్ తలుపు తెరవగానే ఆమె లోపలికి వెళ్లింది. జరిగింది చెప్పింది. పిల్లలు పంపడం, తను తెరవడం, తన లాప్‌టాప్, తన వేలు. ఏదీ దాచలేదు.

క్రెయిగ్ శ్రద్ధగా విన్నాడు. నిజాయితీగా చెప్పినందుకు అభినందించాడు. మీ మంచి మనసు అర్థమైంది అన్నాడు. కానీ రిపోర్టు పైవాళ్లకు వెళ్లిపోయింది, అంకెలు ఇప్పుడు మార్చడం కుదరదు, వచ్చే సమీక్షలో ఒక గమనికలా పెడదాం అన్నాడు.

"ఆ బొమ్మలో ఎత్తుగా ఉన్న గీత నేను" అంది ఆమె. "దాని కింద ఇండియా అని ఎందుకు రాసి ఉంది?"

క్రెయిగ్ నో వర్రీస్ అనలేదు.

"అకౌంట్లు తెరవండి."

"పద్ధతి ప్రకారం శిక్షణ అయ్యాక…"

"ఎవరికి శిక్షణ? నొక్కింది నేను. నా అకౌంటు ఆపండి. వాళ్లవి తెరవండి. తెరిచేదాకా ఇక్కడ కూర్చుంటాను."

కూర్చుంది. క్రెయిగ్‌కు వేరే మీటింగు ఉంది. ఇద్దరు ముగ్గురు తలుపు దాకా వచ్చి, ఆమెను చూసి వెనక్కి వెళ్లారు. అతను కంప్యూటరు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. చివరికి స్పీకర్లో రామమోహన్‌కు ఫోన్ చేశాడు. ఈ అకౌంట్లు తెరవడానికి ఎంత సేపు పడుతుంది అని అడిగాడు.

"తెరిచేశాను" అన్నాడు రామమోహన్ ఇంగ్లీషులో. "పొద్దున్నే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

క్రెయిగ్ ఫోను పెట్టేశాడు. ఆశాజ్యోతి లేచింది. థాంక్యూ చెప్పలేదు. వాళ్లే మూసిన తలుపు తెరిచినందుకు థాంక్యూ ఎందుకు చెప్పాలో ఆమెకు అర్థం కాలేదు.

శరణ్య అప్పటికే కౌంటరు దగ్గర నిలబడి ఉంది. ఫోను కౌంటరు మీద పెట్టి ముందుకు తోసింది.

ప్రొఫెసర్ ఫియోనా నుంచి రెండు మెయిళ్లు. మొదటిది శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. ఉద్యోగం నీకే, సోమవారం సాయంత్రంలోగా ఒప్పుకుంటున్నట్టు చెప్పు. రెండోది ఇవాళ పొద్దున. నీ నుంచి జవాబు రాలేదు, ఆసక్తి లేదనుకుని తర్వాతి అభ్యర్థికి ఇచ్చాను, నీకు మంచి జరగాలి.

ఆశాజ్యోతి రెండూ చదివింది. జరిగింది చెప్పింది. లింకు చివరి అక్షరాలు, లాప్‌టాప్, అన్నీ. ఆ పిల్లకు చెప్పడం క్రెయిగ్‌కు చెప్పినంత సులువుగా లేదు.

"అంటే మీరు నొక్కారు" అంది శరణ్య.

"అవును."

"మీకు పంపకుండా డిలీట్ చేసుంటే ఏం కాకపోను."

"అవును."

"నిన్న నేనే వెళ్లి అడుగుతానంటే వద్దన్నారు. నిన్న సాయంత్రం దాకా టైముంది. బయట ఈ గడ్డి మైదానం దాటితే ఆవిడ గది!"

"అవును."

"అవును అవును అంటారేంటండీ!" శరణ్య కళ్లలో నీళ్లు లేవు. అవి ఉంటే ఆశాజ్యోతికి తేలికయ్యేది. "అక్కకి పంపు, అక్కకి పంపు అని అందరూ చెప్పారు. దిగిన రోజే చెప్పారు. పంపాను. సరే మేడమ్. థాంక్యూ మేడమ్."

ఫోను తీసుకుని వెళ్లిపోయింది. పక్క కౌంటరులోని అమ్మాయికి తెలుగు రాదు. మేడమ్ అన్న మాట విని మర్యాద అనుకుంది.

ఆశాజ్యోతి కౌంటరు మూసి ప్రొఫెసర్ ఫియోనా గదికి వెళ్లింది. ప్రొఫెసర్ తెల్ల కోటులో ఉంది. చెప్పిందంతా విని మొహం ఎర్రబడింది. "నా విద్యార్థి ఉత్తరాల డబ్బాకు తాళం వేసి నాకు చెప్పలేదా?" అని అరిచింది. అరవగలిగినవాళ్లు అదృష్టవంతులు అనుకుంది ఆశాజ్యోతి. కానీ రెండో మనిషి సంతకం పెట్టేశాడు. చేయగలిగింది ఏమీ లేదు.

*

వార్నింగ్ వచ్చింది. మర్యాదగా రాశారు. పిల్లలు ఇకమీద ఆమె సొంత మెయిలుకు ఏదీ పంపకూడదు. అనుమానం ఉన్న మెయిలు వస్తే బటను నొక్కి రిపోర్టు చేయాలి, లేదా స్వయంగా కౌంటరుకు వచ్చి సాయం అడగవచ్చు.

చివరి ముక్కను ఆమె రెండోసారి చదివింది.

ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో రాసింది. "నాకు ఇంక ఏదీ పంపొద్దండి. ఫోను చేతిలో పట్టుకోని కౌంటరుకు రాండి. నొక్కకుండా రాండి."

వచ్చారు. ముందు మహేంద్ర, అతని ఫ్లాట్ వాళ్లు. తడిసిన జాకెట్లతో, సైకిల్ హెల్మెట్లతో, వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి ఫోనూ చూసింది. ఈసారి తను తెరవలేదు. వాళ్లకే చూపించింది. పంపినవాడి పేరు చూడు, దాని వెనక అడ్రసు చూడు, తొందర పెడుతున్నాడా చూడు, భయపెడుతున్నాడా చూడు. భయపెడితే ఆగు. ఆఫీసు ఎక్కడుందో కనుక్కో. నడిచి వెళ్లి అడుగు.

"అక్కా, ఒక్క మెయిలుకి అంత దూరం నడవాలా?" అన్నాడు మహేంద్ర.

"బిర్యానీకి వెల్లింగ్టన్ దాకా కారేసుకోని పోతారు కదరా. గడ్డి దాటలేవా?"

వరసలో నవ్వారు. ఆమె నవ్వలేదు.

వరస చూసి చైనా పిల్లలు వచ్చారు. సమోవా అమ్మాయి వచ్చింది. పొలం నుంచి నేరుగా బూట్లతో వచ్చిన ఇక్కడి కుర్రాడొకడు. చరిత్ర చెప్పే ముసలి లెక్చరరు ఒకాయన, పార్సిలు మెయిలు పట్టుకుని, సిగ్గుపడుతూ. కౌంటరు పైన వేచి ఉండే సమయం చూపే బోర్డు ఎర్రబడింది. క్రెయిగ్ దిగివచ్చాడు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?"

"మీరు రాసిందే" అంది. "స్వయంగా వస్తున్నారు."

అతను వరస చివరిదాకా చూసి, మెట్లెక్కి వెళ్లాడు. మర్నాడు కౌంటరులోకి ఇంకొక మనిషిని పంపాడు. బొమ్మలో గీత మాత్రం అలాగే ఉండిపోయింది. కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక చేరింది. దాన్ని ఎవరూ చదవరు. ప్రతి మీటింగులోనూ ఆమె దాన్ని పైకి చదువుతుంది.

ఒకరోజు వరసలో రామమోహన్ కనిపించాడు. ఆక్లండ్ నుంచి పని మీద వచ్చాడట. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు.

"నీ ఫోన్లో ఏమొచ్చింది?"

"ఏం రాలేదక్కా. తర్వాతి పరీక్షలో వీసా పెట్టట్లేదు. అది చెబుదామని."

"ఏం పెడుతున్నావు?"

"అది చెప్తే పరీక్ష ఎలా అవుద్ది?" నవ్వబోయి ఆగాడు. "ఫ్లాట్ అనుకున్నందుకు… సారీ అక్కా."

ఆమె అతని వైపు చూసింది. పొద్దున్నే అకౌంట్లు తెరిచినవాడూ ఇతనే. ఆ మెయిలు రాసినవాడూ ఇతనే. ఒకటి రెండోదాన్ని తుడిచేయదు.

"వెనకోళ్లకు దారియ్యి" అంది. కాసేపటికి, "సాయంత్రం ఇంటికి రా. మీ బావ ఉంటాడు" అంది.

*

శరణ్య మాత్రం రాలేదు. డెయిరీలోనే పనిచేస్తోందని మహేంద్ర చెప్పాడు. ఎవరికీ ఏమీ పంపదట. ఏది వచ్చినా తీసేస్తుందట. విజయకుమార్ ఒకసారి పాలకు ఆ షాపుకు వెళ్లాడు. ఆ పిల్ల బాగుందా అంటే, "చిల్లర కరెక్టుగా ఇచ్చింది" అన్నాడు.

జూన్ చివర్లో, వాన గాలికి అడ్డంగా కొడుతున్న ఒక ఉదయం, వరస చివర ఆ పిల్ల నిలబడి ఉంది. తన వంతు వచ్చాక ఏమీ అనకుండా ఫోను చూపించింది. తీసేయబోయి ఆగినట్టు ఉంది.

ప్రొఫెసర్ ఫియోనా పేరు. లాబ్‌లో చేరిన మనిషి వేరే ఊరు వెళ్లిపోతున్నాడు, జూలై నుంచి నువ్వు రాగలవా, కింది లింకులో ఒప్పందం ఉంది, వీలైనంత త్వరగా నొక్కు.

"ఇది నిజమేనా?" అంది శరణ్య. అక్కా అనలేదు. మేడమ్ కూడా అనలేదు.

ఆశాజ్యోతి పంపినవారి పేరు చూసింది. అడ్రసు చూసింది. లింకు చూసింది.

"అంతా సరిగ్గానే ఉండాది" అంది. "దొంగది కూడా ఇంతే సరిగ్గా ఉంటాది. నాకు తెలీదు."

శరణ్య ఫోను వెనక్కి తీసుకోబోయింది.

"జాకెట్ వేసుకో" అంది ఆశాజ్యోతి. పక్క మనిషికి కౌంటరు అప్పజెప్పి బయటికి వచ్చింది.

"ఎక్కడికి?"

"గడ్డి దాటి. ఆ రోజు పోనియ్యకపోతి కదా. నడువు."

ఇద్దరూ తడుస్తూ నడిచారు. గాలికి మాట వినపడదు. శరణ్య ఫోనును జాకెట్ లోపల గుండెకు ఆనించి పట్టుకుంది. ప్రొఫెసర్ తలుపు తీసి, ఇద్దరినీ, వాళ్ల కింద నీళ్ల మడుగునూ చూసింది.

"ఈ మెయిలు మీరే పంపారా?" అని అడిగింది శరణ్య.

"నేనే. ఈసారైనా చేరిందా?"

శరణ్య అక్కడే, ఆమె ఎదుటే, తన వేలితో నొక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు వాన తగ్గింది. గాలి తగ్గలేదు. సగం దాటాక శరణ్య అంది, "మీ మీద కోపం పోలేదక్కా."

"పోనియ్యకు" అంది ఆశాజ్యోతి. "నాకూ పోలేదు."

లైబ్రరీలో వరస మెట్లదాకా పెరిగింది. తడి చెప్పుల గుర్తులు నేలంతా. ఆమె కౌంటరు వెనక్కి వెళ్లి కూర్చుంది.

"తర్వాత ఎవరు?"